పడినవాని మంచముకడ

మా జనగామ ప్రాంతపు పల్లెలలో తాటిచెట్టుమీదినుండి మనుష్యుడు పడెనను వార్త క్షణములో ఊరంతయు వ్యాపించును. చేతి పనులు విడిచి జనులు పరుగెత్తుదురు. ఒకరు మంచము తెత్తురు. ఒకరు బండి పిలుతురు. ఒకరు వరంగల్లు మహాత్మాగాంధీ స్మారక వైద్యశాలకో హైదరాబాదునకో తీసికొనిపోవుటకు ఇల్లిల్లు తిరిగి చేబదులు సమకూర్తురు. ఆనాటి మన జనుల దయ నెవ్వరును తప్పుపట్టజాలరు. మేమీ వ్యాసమున విమర్శింపబూనినది ఆ మొదటి దినమును గాదు, నలుబదియవ దినమును. నడుము విరిగినవాడు ఇంటికి తేబడి, వసారాలో నులకమంచముపై పరుండబెట్టబడిన పిమ్మట మనము వానికడకు పోయి యేమి మాటలాడుచున్నాము? ఆ మాటలు వానికి మందగుచున్నవా, మరియొక దెబ్బ యగుచున్నవా? ఇదియే మా ప్రశ్న.

2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్తగా నేర్పడిన జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలు మూడును మూడు విధములైన ప్రమాదములకు నెలవులు. జనగామ తాటివనముల సీమ. గీతవృత్తివారు మోకును ముస్తాదును నమ్ముకొని చెట్టెక్కుదురు. వానకు తడిసిన మ్రాను జారినచో మరల పట్టుకొనుటకు కొమ్మయైన నుండదు. భూపాలపల్లిలో సింగరేణివారి కాకతీయ గనులు గలవు. బొగ్గుబాయిలో దిగినవానికి తలపైనున్న బండయే శత్రువు. మహబూబాబాదు వైపున తండాల స్త్రీలు మిరపతోటల కూలికి ఆటోలలో, ట్రాక్టరులలో క్రిక్కిరిసి పోవుదురు. త్రోవలో బండి బోల్తాపడినచో కూలి మాట యటుంచి, మరల నడుచుటయే సందేహమగును. చెట్టు, గని, బాట – కారణములు వేరైనను ఫలమొక్కటియే. వెన్నుపూస విరిగి, దానిలోని నరముల త్రాడు నలిగెనేని, దెబ్బ తగిలినచోటికి దిగువ స్పర్శయు చలనమును తప్పును. మలమూత్రములు స్వాధీనములో నుండవు. కదలక పరుండినచో కొలది దినములకే పుండ్లు పడును. ఇది దేహమునకు వచ్చిన యాపద. మనస్సునకు వచ్చినదానిని గూర్చి యడుగువారేరి?

అడుగరు సరికదా, చెప్పుటకు మాత్రము చాలమంది వత్తురు. అట్లు వచ్చువారిలో మొదటివాడు కర్మవాది. మంచము కోడుపై చేయివేసి, "ఏ జన్మమున నేమి చేసెనో!" యని నిట్టూర్చును. వాని యుద్దేశము చెడ్డది గాదు. కాని యా మాట కర్థమేమి? నీవు దోషివి, ఇది నీకు శిక్ష, మేము నిర్దోషులము గనుక మా కాళ్లపై నిలిచియున్నాము – ఇంతియే గదా! గాయపడినవాడు అంతకుముందే తన్ను తాను దోషినిగా నెంచుకొనుచుండును. ఆ యుదయమున చెట్టెక్కకున్న బాగుండును, ఆ బండి నెక్కకున్న బాగుండును అని రాత్రి యంతయు నదే లెక్క వేయుచుండును. వాని స్వయంనిందకు మనము జన్మాంతర సాక్ష్యమును గూడ చేర్చుచున్నాము.

మేమును సంస్కృతము చదివినవారమే. కర్మసిద్ధాంతము మనుష్యుడు తన నడవడిని దిద్దుకొనుటకు చెప్పబడినదే గాని, పొరుగువాని గాయముపై తీర్పు చెప్పుటకు గాదని మా నిశ్చయము. చెట్టుమీదినుండి పడుటకు కారణము, పట్టుతప్పినప్పుడు నిలుపు సాధనము లేకపోవుట. గనిలో బండ పడుటకు కారణము, పైకప్పునకు తగిన యాధారము లేకపోవుట. బండి బోల్తాపడుటకు కారణము, ఆరుగురు కూర్చుండవలసినచోట పదునార్గురను కూర్చుండబెట్టుట. 2024 జులై 14వ తేదీన రంగారెడ్డి జిల్లా లష్కరుగూడలో రాష్ట్ర ప్రభుత్వము గీతకార్మికులకు 'కాటమయ్య రక్షాకవచము' అను పేర పట్టుత్రాళ్లతోగూడిన సాధనములను పంచుట ప్రారంభించెను. ఆ త్రాడు జారినవానిని నడుమ పట్టి నిలిపినచో, వాని పూర్వజన్మము త్రోవలో మనస్సు మార్చుకొన్నదని యనుకొందమా? కాటమయ్య గౌడుల కొలుపు దైవము. ఆ దైవము పేరనే త్రాడును ధరించుట మా కెంతయు సమ్మతము. దేవుని నమ్మినవాడు పడినవానిని నిందింప నక్కరలేదనుటకు ఇదియే చాలును.

రెండవవాడు ధైర్యోపదేశకుడు. వీడు తరచుగ చదువుకొన్నవాడు. మేమును ఈ తెగలోనివారమే యని సిగ్గుతో నొప్పుకొనుచున్నాము. మాకడ చదివి, పిదప తండ్రివెనుక మోకు పట్టినవాడొకడు చెట్టుమీదినుండి పడి, నడుము దిగువ చచ్చుబడి యింటనుండగా చూడబోయితిమి. కుర్చీ వేసిరి. పావుగంట కూర్చుండి, ధైర్యమును గూర్చి యుపన్యసించి, భర్తృహరిని తలచి లేచితిమి. గుమ్మము దాటబోవుచుండగా వాడు పిలిచి, "సారూ, ధైర్యం చెప్పేటోళ్లు మస్తుమంది వస్తున్రు. ఏడ్వనిచ్చేటోళ్లే లేరు" అనెను. ఇరువది యేండ్లుగ పాఠములు చెప్పుచున్న మాకు శిష్యుడు చెప్పిన పాఠమది.

ఏడ్చుట పిరికితనమని మనకెవరు నేర్పిరి? పోతనామాత్యుని బమ్మెర ఈ జనగామ జిల్లాలోనిదే. ఆయన గజేంద్రుడు మొసలి పట్టునుండి విడిపించుకొన లేక, బలమంతయు వ్యయమైన పిమ్మట ఎలుగెత్తి మొరపెట్టెను, దేవుని యునికినిగూర్చి సందేహపడెను, నిష్ఠురములాడెను. ఆ యేనుగును పిరికిదని తెలుగువాడొక్కడైన ననెనా? ఏనుగు కిచ్చిన యనుమతిని మనము మనుష్యునికేల యీయము?

ఇంత గాయమైన పిమ్మట మనస్సున జరుగునది యొక రీతిగ జరుగునని వైద్యశాస్త్రము తెలుపుచున్నది. మొదట కొన్నిదినములు నమ్మిక కలుగదు; రేపో మాపో లేచి నడతుననియే తోచును. పిదప నిద్ర తప్పును; కన్ను మూసిన వెంటనే పడిన క్షణమే మరల మరల కనుపించును; చిన్న చప్పుడునకే గుండె యదరును; ఆలుబిడ్డలపై నకారణముగ కోపము వచ్చును; అన్నము సయింపదు; ఎవ్వరును రావలదనిపించును. ఇవి దుర్గుణములు గావు. దెబ్బతగిలిన చోటినుండి రక్తము కారుట యెంత సహజమో ఇవియు నంత సహజములు. చాలమందికి కాలక్రమమున తగ్గును. కొందరికి నెల దాటినను తగ్గక, హెచ్చి, రోగముగ మారును. ఆ రోగమునకు చికిత్స కలదు. "నేనుండి యేమి లాభము?" అను మాట మంచముపైనుండి వినిపించినచో దానిని వేదాంతమని యెంచి యూరకుండరాదు. ప్రాణము తీసికొనవలెనని తోచుచున్నదా యని సూటిగ, మెల్లగ నడుగవలెను. అడిగినంతమాత్రమున లేని యాలోచన పుట్టునను భయము వలదు. అడిగినవాడొకడు దొరికెనని వానికి బరువు తగ్గును. చేలకు కొట్టు పురుగుమందును ఆ యింటనుండి తొలగింపవలెను. వైద్యుని కడకు కొనిపోవలెను. 2022 అక్టోబరు 10వ తేదీనుండి కేంద్ర ప్రభుత్వము 'టెలి మానస్' అను పేర 14416 సంఖ్యగల ఫోనుసహాయమును నడుపుచున్నది. రాత్రింబవళ్లు, ఉచితముగ, తెలుగున మాటలాడవచ్చును. పల్లెలో పశువుల మందుల దుకాణము నెఱిగినంతగ ఈ సంఖ్య నెఱిగినవారు లేకపోవుట చదువుకొన్న మనవంటివారి తప్పు గాక మరెవ్వరిది?

మూడవవాడు మిక్కిలి క్రూరుడు. కాని తాను క్రూరుడనని యెఱుగడు. రోగి వినుచుండగనే, "ఇట్లుండుటకంటె నాడే పోయిన బాగుండును" అని పలుకును. ఈ మాట నిజమని చాలమంది విద్యావంతులును నమ్ముదురు. నిజమా? 1994లో అమెరికాలో ప్రకటింపబడిన యొక పరిశీలనను చూడుడు. మెడకడ వెన్ను దెబ్బతిని చేతులును కాళ్లును పట్టుదప్పినవారిని, బ్రతికియున్నందుకు సంతోషించుచున్నారా యని యడుగ, నూటికి 92 మంది అవుననిరి. అట్టివారికి మొదటి చికిత్సచేయు వైద్యులను, దాదులను, మీకే యిట్టి గాయమైనచో బ్రతికినందుకు సంతోషింతురా యని యడుగ, నూటికి 18 మంది మాత్రమే అవుననిరి. మంచముపై నున్నవాని బ్రతుకు విలువను మంచముప్రక్క నిలిచినవాడు లెక్కింపలేడనుటకు ఇంతకంటె నిదర్శనమేల? ఆ దేశమున చక్రపుకుర్చీలు, మెట్లులేని బాటలు, ఇంటికి వచ్చు దాదులు కలరు గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. దానివలన తేలునదేమి? బ్రతుకు దుర్భరమగుట వెన్ను విరుగుటచేతనే గాదు, ఆ సాధనములు లేమిచేత ననియే గదా! అట్లయిన సాధనములను గోరుదము, చావును గోరుటేల?

ఇక ప్రభుత్వము మాట. చెట్టుమీదినుండి పడి మరణించిన గీతకార్మికుని కుటుంబమునకును, శాశ్వతముగ నవిటివాడైన గీతకార్మికునికిని 5 లక్షల రూపాయల సాయము కలదు. 2023 జులైనుండి వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలుగ నున్నది. సింగరేణిలో పనికి పనికిరాడని వైద్యులు తేల్చినవాని బదులు వాని యింటివారి కుద్యోగ మిచ్చు పద్ధతి కలదు. ఈ సాయములు వలదనువారము గాము. ఇంకను హెచ్చవలెననియు, తిరిగి తిరిగి చెప్పులరుగకముందే చేరవలెననియు మా కోరిక. కాని యొక్క సంగతి నాలోచింపుడు. చచ్చినవానికిని బ్రతికినవానికిని ఒకటే మొత్తము నిర్ణయించుటలో, బ్రతికినవాడు నింక నలుబదియేండ్లు బ్రతుకవలెనను తలంపు ఎక్కడనైన కలదా? కుమారునికి గనిలో నుద్యోగము వచ్చిననాడే ఇంటి పెద్దరికము తండ్రి మంచమునుండి కుమారుని జేబులోనికి పోవుచున్నది. ఆ తండ్రికి మిగిలిన పని యేమి? సదరము శిబిరములో వైద్యుడు కాలును, చేతిని, వెన్నును పరీక్షించి నూటికింత యని వ్రాసియిచ్చును. ఆ శాతముతో పింఛను వచ్చును. దుఃఖమునకు శాతము లేదు గనుక దానికి కాగితము లేదు. కాగితము లేదు గనుక దానిని చూడవలసిన యుద్యోగియు లేడు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, 2017 నాటి మానసికారోగ్య చట్టము మన పార్లమెంటు చేసినవే. మానసిక చికిత్స పొందుట ప్రతివాని హక్కని ఆ రెండవ చట్టము చెప్పుచున్నది. ఆ హక్కు గ్రంథమునుండి వసారాలోని మంచముకడ కింకను రాలేదు.

పోనీ, కర్మవాదియు, ధైర్యోపదేశకుడును వలదన్నచో మరి యేమి చేయవలెను? మనకు తెలిసిన కథలోనే సమాధానము కలదు. కురుక్షేత్రమున భీష్ముడు శరతల్పముపై పడియుండెను. తల వ్రేలాడుచున్నదని యాతడనగా రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. ఆతడు వలదనెను. అర్జునుడొక్కడే ఆతని మనస్సు గ్రహించి, బాణములతోనే తలగడ యమర్చెను. మనకు తోచిన మెత్తదనము గాదు, పడినవానికి కావలసిన యాధార మేదియో తెలిసికొని యిచ్చుట మొదటి ధర్మము. పిదప కృష్ణుడు, ధర్మరాజునకు ధర్మములు చెప్పుమని భీష్ముని గోరగా, బాధచే నా మనస్సు నిలువకున్నదని యాతడనెను. కృష్ణుడు ముందా బాధను శమింపజేసెను. నొప్పిని తగ్గింపక నీతులు చెప్పుట, చెప్పించుట రెండును వ్యర్థములని దీని తాత్పర్యము. ఇది రెండవ ధర్మము. మూడవది అన్నిటికంటె ముఖ్యము. ధర్మరాజు భీష్మునికడకు పోయి యుపదేశము చేయలేదు, ప్రశ్నలడిగెను. లేవలేని వృద్ధుని యెదుట రాజు శిష్యుడై కూర్చుండెను. శాంత్యనుశాసన పర్వములు రెండును ఆ ప్రశ్నల ఫలమే. పూర్వజన్మమున నేమి చేసితివో యని ధర్మరాజు పెదవి విరిచియుండినచో మనకా పర్వములు దక్కియుండునా?

మన పురాణకథ చెప్పిన దానినే యీ కాలపు వైద్యమును ఋజువు చేసినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1944లో, లూడ్విగ్ గుట్‌మన్ అను వైద్యుడు ఇంగ్లాండులోని స్టోక్ మాండెవిల్లున వెన్ను విరిగిన సైనికులకొక చికిత్సాలయము తెరచెను. అంతకుముందు అట్టివారిని మూలపరుండబెట్టి చావునకై నిరీక్షించెడివారు. ఆయన వారిని రెండుగంటల కొకమారు ప్రక్కకు త్రిప్పించి పుండ్లు పడకుండ చూచెను. అంతటితో నూరకుండక పని నేర్పెను, ఆటలాడించెను. 1948 జులై 29వ తేదీన పదునార్గురు గాయపడినవారు చక్రపుకుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి; పారాలింపిక్ క్రీడలకు మూలమదియే. మన దేశమున వేలూరులో డాక్టరు మేరీ వర్గీసు 1954లో బండి ప్రమాదమున నడుము దిగువ చచ్చుబడెను. ఆమె చక్రపుకుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసెను. తనవంటివారికై 1966లో వేలూరున వెలసిన పునరావాస సంస్థకు ప్రాణమై నిలిచెను. ఆమె కడకు తేబడిన రోగి, తనకు చికిత్స చేయు వైద్యురాలును తనవలెనే కుర్చీలో నుండుట చూచెను. వేయి ధైర్యవచనములకంటె నా చూపు బలవత్తరము. అందరును విలుకాండ్రు గావలెననియు, వైద్యులు గావలెననియు మేము చెప్పుటలేదు. అట్లు చెప్పుట మరియొక బరువగును. చేయుటకొక పనియు, అడుగుటకొక మనుష్యుడును ఉండినచో బ్రతుకు నిలుచునని మాత్రమే చెప్పుచున్నాము.

మేము మా శిష్యునికడకు మరల పోయితిమి. ఈమారు ఉపన్యాసమును ఇంటనే యుంచి పోయితిమి. చాలసేపు వాడేడ్చెను, మేమూరకుంటిమి. పిదప, మా తరగతి పిల్లలకు చెప్పవలసియున్నదని, పోతుతాడేది, పండుతాడేది, ఏ కాలమున నేది గీయుదురు, లొట్టి యెట్లు కట్టుదురు అని యడిగితిమి. మంచముపట్టిన పిమ్మట వాని గొంతు నాడే మొదటిసారి పెద్దదయ్యెనని వాని భార్య చెప్పినది. వాని కాళ్లు లేచి రాలేదు, దుఃఖము తీరిపోలేదు, మరునాడు మరల గోడవైపు తిరిగి పరుండెనట. కాని యా వారమున మా పిల్లలు నలుగురు పలకలు పట్టుకొని వాని మంచము చుట్టు కూర్చుండిరి. మేమింతకుమించి గొప్ప చెప్పుకొనము.

ఆ భార్య మాట గూడ చెప్పక తీరదు. రాత్రి రెండుగంటల కొకమారు లేచి భర్తను ప్రక్కకు త్రిప్పునది, మలమూత్రములెత్తునది, కూలి మానుకొనునది, వాని కోపమును భరించునది, వచ్చినవారికి చాయ కాచునది ఆమెయే. వచ్చినవారిలో నొక్కడైన, "అక్కా, నీవు నిద్రపోయి ఎన్నాళ్లయినది?" అని యడుగునా? వెన్ను విరిగినది స్త్రీయైనచో సంగతి వేరు. మగనికి ఆలు సేవచేయును. కాని నడుము విరిగిన ఆలిని పుట్టింటికి పంపి మగడు మారుమనువాడుట మనము కనివిని యెఱుగనిదా? మిరపతోట కూలికి పోయి పడిన తండా స్త్రీకి గీతవారి సంఘమువంటి సంఘమైన లేదు. సంస్కరణమని పెద్ద మాటలాడువారు ముందీ గుమ్మము తొక్కవలెను.

కావున మా సూచనలివి. గీతవారి సహకార సంఘము లూరూర గలవు. గనులలో కార్మిక సంఘములు గలవు. తండాలలో మహిళా సంఘములు గలవు. ఎవడైన పడి యింటికి చేరిన మొదటి నెలలోనే, అంతకుముందు పడి తేరుకొన్నవానిని ఆ సంఘము బండి కట్టించి వానికడకు తీసికొనిపోవలెను. ఇట్టివారు నాలుగు ఊళ్ల కొకడైన నుండును. కాని యెవని వసారాలో వాడు పడియుండుటచే ఒకని నొకడెఱుగడు. మూత్రపుగొట్టమును గూర్చి, దాంపత్యమును గూర్చి, రాత్రిపూట వచ్చు తలంపులను గూర్చి వైద్యునితో చెప్పుకొనలేనిది వానితో చెప్పుకొనగలడు. వైద్యశాలవారు రోగిని పంపివేయునాడు మందుల చీటితోపాటు మనస్సున రాబోవు మార్పులను గూర్చి రోగికిని ఇంటివారికిని తెలుగున చెప్పి పంపవలెను. ప్రతి జిల్లా వైద్యశాలయందును మనోవైద్యుడు ఎముకల వార్డునకు గూడ పోవలెను. సంఘమున సభ్యత్వము పడినవాడికి పోరాదు. లెక్కలు వ్రాయుట, సమావేశమున మాటలాడుట కాళ్ల పని గాదు. పాఠశాలకు, పంచాయతీ కచేరికి, గుడికి చక్రపుకుర్చీ యెక్కు వాలుబాట యుండవలెను. వీనికి కోట్ల రూపాయలు వలసినవి గావు.

ఇది యంతయు పట్టణపు మాట, పల్లెలో నెవ్వరికి తీరిక యని కొందరందురు. కర్మమును గూర్చి మాటలాడుటకు తీరిక యున్నవారికి ఊరకుండి వినుటకు తీరిక లేకపోవునా? మనసువ్యాధి యన్నచో పిచ్చివాడని పేరువచ్చునని మరికొందరందురు. ఆ పేరు పెట్టువారము మనమే. మానివేయువారమును మనమే కావలెను.

చదువరులారా, మీ యూరను ఒక మంచ ముండియే యుండును. మొదటి వారమున మీరును పోయియుందురు, తరువాత పోయియుండరు. ఈ వారము పోవుడు. పండ్లు తీసికొనిపోకున్నను ఫరవాలేదు. కూర్చుండుడు. వాడు చెప్పినది వినుడు. వానికి తెలిసి మీకు తెలియని దొకటి యడుగుడు. లేచునప్పుడు మరల నెప్పుడు వత్తురో దినము చెప్పి, ఆ దినమున తప్పక పోవుడు.